కట్టుకు వేరే కట్టాలా?

తోటకూర కట్టకు కూడా కొసరు అడిగే నేను, నా అరచెయ్యి కోసే చోట మాత్రం నోరెత్తలేదు. అంతటి తెలివి నాది.

మాది రాజోలి, మగ్గం పని. ఒకరోజు వెదురు పేడు కుడి అరచేతిలో దిగింది. లాగేసి నేస్తూనే ఉన్నాను. రెండు రోజులకే చెయ్యి బూరెలా ఉబ్బింది. లోపల రోకలితో దంచుతున్నట్టు పోటు. కష్టమొచ్చిన వాళ్లకు "మన చేతిలో ఏముంది" అని వేదాంతం చెప్పేవాణ్ణి. ఏముందో గద్వాల డాక్టరు నొక్కి చూపించాడు.

"అబ్సెస్. చీము నిండింది. ఇప్పుడే కోయకుంటే వేళ్లు ముడుచుకపోతయ్. మల్ల మగ్గం మీద కూసునుడు ఉండదు."

మత్తు సూది వేశారు గాని, చీమున్న చోట సరిగా పట్టదట. కాంపౌండరు నా రొమ్ము మీద మోకాలు వేసి అదిమాడు. కత్తి దిగగానే చీమూ నెత్తురూ డాక్టరు చొక్కా మీదికి చిమ్మాయి. నేను తన్నిన తన్నుకు ట్రే ఎగిరి గోడకు కొట్టుకుంది.

ఆపరేషన్ ఫీజు కట్టి వస్తుంటే కాంపౌండరు గుమ్మంలో ఆపాడు.

"రోజు డ్రెస్సింగ్‌కు రావాలె. దానికి వేరే ఇయ్యాలె. ఆపరేషన్‌ల రాదది."

మా పనిలో నూలు చుడితే ఒక కూలి, నేస్తే ఇంకో కూలి. దవాఖానలోనూ అంతే కాబోలనుకున్నాను. రెండుసార్లు ఇచ్చాను. తర్వాత జేబు ఖాళీ. ఇంట్లోనే పసుపు అద్ది పాతగుడ్డ చుట్టుకున్నాను.

కొన్నాళ్లకే మోచేతి దాకా ఎర్రగా కమిలి వాచింది. చలిజ్వరం. నా భార్య శంకరమ్మ బస్సెక్కిస్తూ దులిపేసింది.

"సేటు కూలి తగ్గిస్తే లొల్లి లొల్లి చేస్తవ్. ఆ డాక్టర్‌ను ఒక్క మాట అడగ రాలేదా? చెయ్యి పోతె కాలుతోని నేస్తవా?"

డాక్టరు గుడ్డ విప్పి గర్జించాడు. "డ్రెస్సింగ్‌కు ఎందుకు రాలేదయ్యా?"

"పైసల్లేవు సారూ. వేరే ఇయ్యాలంటిరి గద."

"ఎవడన్నడు? గాయం మానేదాంక కట్లన్నీ ఆపరేషన్‌ల కల్సే ఉంటయ్!"

కాంపౌండరు శ్రద్ధగా గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

ఇన్ఫెక్షన్ లోపలికి పాకిందనీ, మళ్లీ కోయాలనీ, చిటికెనవేలు పోయినా పోవచ్చనీ అన్నాడు డాక్టరు.

పోలేదు. ఆ వేలు ఇప్పటికీ సరిగా ముడవదు గాని, మగ్గం ఆడుతోంది, ఇల్లు గడుస్తోంది. మీకు చెప్పేది ఒక్కటే. కత్తి పట్టకముందే, ఫీజులో ఏమేం కలిసి ఉన్నాయో డాక్టరు నోటితోనే చెప్పించుకోండి. గుమ్మంలో చెప్పే మాట నమ్మకండి.

ఇక మిగిలింది సలహా కాదు. ఎవరూ చేయకండి. రెండో కోతప్పుడూ ఆ కాంపౌండరే నా మీద పడి అదిమాడు. అతని ముంజెయ్యి సరిగ్గా నా నోటి ముందుకొచ్చింది. అటు కత్తి దిగింది, ఇటు నా పళ్లు దిగాయి. నాలుకకు నెత్తురు తగిలేదాకా వదల్లేదు.

"సచ్చిపోయిన్ సారూ, కొరుకుతుండు!"

"జర ఓర్సుకో అన్నా," అన్నాను ఆయాసపడుతూ. "గిది గూడ ఆపరేషన్‌లనే కల్సి ఉంటది. నీకేం వేరే పడదు."