మా తమ్ముడికి కామెర్లు రాలేదు

నర్సీపట్నంలో మా ఎరువుల కొట్టుకి వచ్చేవాళ్ళలో చాలామందికి ఇప్పటికీ ఒక నమ్మకం ఉంది: మా తమ్ముడికి ముదిరిన కామెర్లు వచ్చాయని, పసరుతో తగ్గాయని. ఆ మాట పుట్టించింది నేనే. అది అబద్ధం. ఇది రాస్తానంటే వాడు, "రాయి. పసరు సంగతి కూడా రాయి," అన్నాడు.

వాడు నాతవరం రూట్లో షేర్ ఆటో నడుపుతాడు. ఒక వర్షాకాలం ఆటో తీయడం మానేశాడు. తిండి సహించేది కాదు, నిద్ర లేదు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. విశాఖలో డాక్టరు డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాశారు. షుగరు, బీపీ ఎలాగో ఇదీ అలాగే జబ్బేనని, మందులు మానకూడదని అన్నారు. నేను తలూపాను. ఆటోస్టాండులో అడిగితే మాత్రం "కామెర్లు" అన్నాను. పిచ్చి అనుకుంటారేమోనని, నా కొట్టు పరువు పోతుందని భయం.

కామెర్లంటే మనవాళ్ళు ఊరుకోరు. చుట్టాలు వరసకట్టారు. ఒకాయన అరటిపండు తిన్న చేత్తోనే వాడి కనురెప్ప కిందికి లాగి చూశాడు.

"పసుపేదిరా? కళ్ళు తెల్లగానే ఉన్నాయి."

"లోపలి కామెర్లు మావయ్యా," అన్నాను. తలచుకుంటే నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

"అయితే బేగి పసరు పోయించు. ఇంగ్లీషు మందులు ఆపేయ్, రెండూ పడవు."

ఆపేశాను. మాత్రలు పడ్డాక వాడు అప్పుడప్పుడే నాలుగు ముద్దలు తింటున్నాడు. ఉప్పులేని చప్పిడి అన్నం పెట్టించాను. పసరాయన ముక్కులో ఆకురసం పిండుతుంటే తల కదలకుండా పట్టుకున్నదీ నేనే. పచ్చటి చీమిడి నా చేతులమీద కారింది.

"అన్నియ్యా, నాకు కామెర్లు లేవని నీకు తెలుసు కదా," అన్నాడు వాడు.

చివరికి మంచినీళ్ళు కూడా మానేస్తే మళ్ళీ విశాఖ పరుగెత్తాం. తేరుకోవడానికి నెలలు పట్టింది. మాత్రలతో తేరుకున్నాడు. పేరు మాత్రం పసరాయనకి వచ్చింది.

మొన్న మాకవరపాలెం నుంచి ఒక రైతు యూరియా కోసం వచ్చాడు. "మా పాప మంచం దిగట్లేదండీ. తిండి లేదు, ఊరికే గోడకేసి సూత్తంటాది. మీ తమ్ముడికి తగ్గించిన పసరాయన ఇల్లెక్కడండీ?"

"మావాడికి వచ్చింది కామెర్లు కాదండీ, డిప్రెషన్. అమ్మాయికి ఏం జబ్బో ముందు డాక్టరుకి చూపించండి."

"అంటే... మీవోడికి పిచ్చేటండీ?"

కొట్టులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

"పిచ్చి కాదు, జబ్బు. కామెర్లని అబద్ధం చెప్పింది నేను."

ఆయన బస్తా ఆటోలో వేయించుకున్నాడు. ఎక్కబోయి, మళ్ళీ వెనక్కి వచ్చి గొంతు తగ్గించాడు. "మీవోణ్ణి ఎక్కడ సూపించారో సెప్పండి. మెల్లగా సెప్పండి."

మా తమ్ముణ్ణి తీసుకెళ్ళిన ఆసుపత్రి ఎక్కడుందో నేను గట్టిగానే చెప్పాను.