వృత్తంలో ఎడమ కాలి గీత

ఉదయం ఆరుంపావుకి మార్లా డ్రైలింగ్ చిన్న ట్రాక్టరు వెనక ఇనుప వల తగిలించి మైదానం చదును చేసేది. ఆ పనికి కాలేజీలో వెర్న్ అనే మనిషి ఉండేవాడు, జీతమూ తీసుకునేవాడు. కానీ ముప్పై ఒక్క ఏళ్ళుగా అమ్మాయిల సాఫ్ట్‌బాల్ జట్టుకు కోచ్‌గా ఉన్న మార్లా తన మట్టిని ఎవరి చేతికీ ఇవ్వలేదు. వెర్న్ కంచె దగ్గర నిలబడి కాఫీ తాగుతూ చూసేవాడు.

కాన్సాస్ పడమటి కొసన ఉన్న ఆ కాలేజీలో ఆమె ఉద్యోగం మొదటి నుంచీ అలాంటిదే. జట్టు వ్యాను తనే నడిపింది. బట్టలు తనే ఉతికింది. ఆడేవాళ్ళు కూర్చునే డగౌట్ బెంచీలు తండ్రి గోధుమ కొట్టంలోంచి పీకిన చెక్కలతో కొట్టించింది. ఏడొందల మ్యాచ్‌లకు పైగా గెలిచింది. కాలేజీల సంఘం టోర్నమెంటు ఒక్కసారీ గెలవలేదు. ఆ ఏడాది జూన్‌తో ఆమె ఉద్యోగం ముగియబోతోంది.

మార్చి రెండో వారంలో ఒక ఉదయం చదును ముగించి, ట్రాక్టరు షెడ్డులో పెట్టి, హద్దులు గీసే సున్నం డబ్బాతో తిరిగి వచ్చింది. మధ్యలో పది నిమిషాలు కూడా పట్టలేదు. బంతి వేసే పిచ్చర్ నిలబడే వృత్తంలో, తెల్ల రబ్బరు పలక ముందు, మట్టిలో ఒక గీత ఉంది.

పిచ్చర్ చేతిని గుండ్రంగా తిప్పి బంతి వదిలేటప్పుడు వెనక కాలి, అంటే విసిరే చేతి వైపు కాలి, బొటనవేలు మట్టిని ఈడ్చుకుపోతుంది. ఒక్కొక్కరిది ఒక్కో తీరు. మ్యాచ్ అయ్యాక మట్టి చూసి ఎవరు వేశారో మార్లా చెప్పగలదు. ఈ గీత ఎడమ కాలిది. రెండున్నర అడుగుల పొడవు, చివర కొడవలిలా బయటికి వంపు. ఆమె జట్టులో పిచ్చర్లు బ్రిన్, కేసీ ఇద్దరూ కుడిచేతి వాళ్ళు. గీత చుట్టూ, బారెడు దూరంలో గానీ పది బారల దూరంలో గానీ, మరో అడుగు జాడ లేదు. వచ్చినట్టూ లేదు, వెళ్ళినట్టూ లేదు.

"కుందేలై ఉంటుంది," అన్నాడు వెర్న్.

"ఏ కుందేలు స్పైకుల బూట్లు తొడుక్కుంటుంది వెర్న్?"

వెర్న్ కప్పులోకి చూసుకున్నాడు. "నువ్వు వల తిప్పిన దగ్గర్నుంచీ నేనిక్కడే ఉన్నాను మార్లా. ఎవరూ రాలేదు. అది మాత్రం చెప్పగలను."

అలాంటి గీత గీసిన పిచ్చర్‌ను మార్లా ఒక్కరినే చూసింది. జోలీన్ వాసింజర్, పంతొమ్మిది వందల తొంభై ఆరు. ఆ ఏడాది టోర్నమెంటులో మూడు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు జోలీన్ చేతే వేయించింది. అప్పట్లో ఈ ఆటలో అందరూ అనే మాటే మార్లా కూడా అంది: కింది నుంచి విసిరే చెయ్యి అలవదు, పైనుంచి విసిరే మగపిల్లల చేతులే పాడవుతాయి. ఫైనల్ ఒకటి-సున్నాతో పోయింది. ఆగస్టు నాటికి జోలీన్ ఎడమ చేత్తో తల దువ్వుకోలేకపోయింది. మార్లా తరవాత స్కోరు పుస్తకం ముందేసుకుని లెక్కపెట్టింది. ఆరు వందల పదకొండు బంతులు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. జోలీన్‌కు ఉత్తరమూ రాయలేదు, ఫోనూ చేయలేదు.

ఏప్రిల్ అంతా గీత వస్తూనే ఉంది. ముందటి రోజు బ్రిన్ ఆట్‌మన్ బంతి వేసి ఉంటే మర్నాడు గీత లోతుగా ఉండేది. వేయని రోజు మర్నాడు సన్నగా, గోటితో గీరినట్టుండేది. బ్రిన్ ఆ ఏటి ముఖ్య పిచ్చర్, పంతొమ్మిదేళ్ళది. మార్లాకు ఇన్నేళ్ళలో దొరికిన అందరిలోకీ గట్టిది. ప్రతి ఉదయం మార్లా గీతను బూటుతో చెరిపి, పైన సున్నం పోసేది. ఎవరితోనూ అనలేదు.

"కోచ్, మీ కళ్ళ కింద సంచులు చూస్తే మా తాత గోధుమ బస్తాలు గుర్తొస్తున్నాయి," అంది బ్రిన్ ఒకరోజు. "రాత్రుళ్ళు పడుకుంటున్నారా?"

"నువ్వు అడ్డంగా విసిరే బంతుల గురించి ఆలోచిస్తూ పడుకుంటున్నాను."

ఆ ఏడాది టోర్నమెంటు వీళ్ళ మైదానంలోనే జరిగింది. బ్రిన్ శుక్రవారం ఒక మ్యాచ్ వేసింది, శనివారం రెండు. మూడింటికీ కలిపి మూడు వందల యాభై మూడు బంతులు. ఒకటి ఓడి, రెండు గెలిచారు. ఆదివారం వరసగా రెండు గెలిస్తే టోర్నమెంటు వాళ్ళదే. శనివారం సాయంత్రం క్యాబేజీ, మాంసం కూరిన బీరాక్ రొట్టెలు పంచినప్పుడు బ్రిన్ ఎడమ చేత్తో తినడం మార్లా చూసింది.

"కుడి చెయ్యి ఏమైంది?"

"సెలవు పెట్టింది కోచ్. రేపు డ్యూటీకి వస్తుంది."

ఆదివారం ఉదయం మార్లా సున్నం డబ్బాతో తిరిగి వచ్చేసరికి వృత్తంలో గీత స్థానంలో గుంట ఉంది. ఐదు మ్యాచ్‌లు ఆడాక పడేంత గుంట, చీలమండ దిగేంత. అంచు మట్టి తడిగా, అప్పుడే తవ్వినట్టుంది. గాలి ఆగిపోయింది. మైదానం అవతల జెండా స్తంభానికి అతుక్కుని ఉంది. కంచె దగ్గర వెర్న్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఈసారి కుందేలు మాట ఎత్తలేదు.

జోలీన్ తల్లి ఏటా క్రిస్మస్ కార్డు పంపుతుంది, అందులో కూతురి నంబరు ఉంటుంది. మార్లా షెడ్డులో నిలబడి ఆ నంబరుకు ఫోన్ చేసింది. ఇరవై ఎనిమిదేళ్ళలో అదే మొదటిసారి. ఏమనాలో అనుకుని పెట్టుకుంది. అది అనే వీలు రాలేదు. అవతలి గొంతు హలో కూడా అనలేదు.

"ఎన్ని వేసింది?"

"ఎవరు?"

"మీ ఇప్పటి పిచ్చర్."

"మూడు వందల యాభై మూడు," అంది మార్లా.



"మార్చి నుంచీ రోజూ పొద్దున లేస్తే నా ఎడమ బొటనవేలి గోరు నల్లగా ఉంటోంది కోచ్," అంది జోలీన్. "పక్క దులిపితే మట్టి రాలుతోంది. ఎర్ర మట్టి. మా ఊళ్ళో అలాంటి మట్టి లేదు."

"నువ్వు ఇక్కడికి వస్తున్నావా జోలీన్?"

"మూడు వందల మైళ్ళు. ఎలా వస్తాను?" ఆమె కోపంగా లేదు. ఆఫీసులో ఫైలు సంగతి చెబుతున్నట్టుంది. "ఉంటాను. ఫోను మెడకీ భుజానికీ మధ్య ఇరికించి మాట్లాడుతున్నా, నొప్పేస్తోంది."

మార్లా బ్రిన్‌ను వెతుక్కుంటూ వెళ్ళింది. బ్రిన్ ప్రాక్టీసు వలల దగ్గర, కుడి చెయ్యి కదపకుండా ఒడిలో పెట్టుకుని కూచుని ఉంది.

"ఇవాళ నువ్వు వేయట్లేదు. కేసీ వేస్తుంది."

"కేసీనా? కేసీ బంతి బ్యాటు దాకా చేరాలంటే దారిలో ఒక రాత్రి హోటల్లో దిగాలి."

"తెలుసు."

"నా చెయ్యి బాగానే ఉంది."

మార్లా నీళ్ళ సీసా అందించింది. "మూత తియ్యి. కుడి చేత్తో."

బ్రిన్ మూత పట్టుకుంది. వేళ్ళు మూత చుట్టూ ముడుచుకోలేదు. రెండోసారి ప్రయత్నించి సీసాను నేల మీద పెట్టేసింది. ఏడుస్తూ అడిగింది: "మీకిది ఆఖరి ఏడాది కదా. ఈ టోర్నమెంటు ఒక్కసారైనా గెలిచారా మీరు?"

"లేదు."

"మరి నేను వేస్తానంటే మీకేం పోయింది? చెయ్యి నాది."

"నిన్న పొద్దున ఇలా అడిగి ఉంటే వేయించేదాన్నే," అంది మార్లా. అది నిజం.

కేసీ డెబ్బై ఒక్క బంతులు వేసింది. తేడా మరీ ఎక్కువైందని ఐదో ఇన్నింగ్స్‌లోనే అంపైరు ఆట ఆపేశాడు, తొమ్మిది-ఒకటి. మార్లా అవతలి కోచ్‌కు చెయ్యి కలిపి, బంతుల సంచి భుజాన వేసుకుని వచ్చేసింది. ఓడిన జట్టు ఫోటో పత్రికలో పడింది. బ్రిన్ ఆమెతో మాట్లాడకుండానే మిస్సోరీలో ఇంకో కాలేజీకి మారిపోయింది. బ్రిన్ పుట్టినరోజుకు మార్లా పంపిన సందేశానికీ జవాబు రాలేదు. మార్లా ఇప్పుడు వంటింట్లో కూర్చుని పత్రికలో స్కోర్లు చూస్తుంది. నిరుడు వసంతంలో అక్కడ బ్రిన్ ఒక్కతి చేతే ముప్పై ఎనిమిది మ్యాచ్‌లు వేయించారు.