శనివారం పూట సెల్లికి ఏసిన అట్టు

నిజం సెప్పాలంటే, మా సెల్లి రోగాన్ని సూసి కూడా నేను కుళ్ళుకున్నాను. రోగం మీద కుళ్ళేటని నవ్వకండి. మా ఇంట్లో పుట్టుంటే మీకే తెలుస్తాది.

నరసన్నపేట దాటి లోపలికెళ్తే మా ఊరు. పండేది వరే, తినీది అన్నమే. శనివారం రాత్రి మాత్రం ఎవరూ అన్నం ముట్టకూడదు, ఎంకన్న మొక్కు. గోధుమరవ్వ ఉప్మాయో, సపాతీయో తినాల. సిన్నప్పుడు ఓ శనివారం అన్నమే కావాలని నేను ఏడిస్తే, అమ్మ వీపు మీద ఒక్కటిచ్చి పడుకోబెట్టీసినాది.

సెల్లి పుట్టినకాణ్ణించీ ఎండుపుల్లలాగే ఉండీది. ఎప్పుడూ కడుపుబ్బరం, విరేచనాలు, ఒంట్లో రక్తం ఉండీది కాదు. "దీనికి అన్నం అరగట్లేదు, గోధుమైతే బలం" అని అమ్మ రోజూ పొద్దున్నే గోధుమజావ కాసీది. బెల్లం, నెయ్యి ఏసి, ఊది ఊది తాగించీది. గిన్నె గోకితే వచ్చినదే నాకు. గోక్కుంటూ దాన్నెన్ని తిట్లు తిట్టుకున్నానో!

పోయినేడాది శ్రీకాకుళంలో డాక్టరు నోట్లోంచి గొట్టం ఏసి, పేగులోంచి సిన్న ముక్క తీసి పరీక్షకి పంపినాడు. దానికి పడనిది గోధుమేనని అప్పుడు బయటపడినాది. అమ్మ అక్కడే కూలబడిపోనాది.

"పేగు లోపల సన్నటి మొలకల్లాంటివి ఉంటాయమ్మా, తిన్నది ఒంటికి పట్టించేవి అవే," అన్నాడు డాక్టరు. "వాటి మొదట్లో గుంటలుంటాయి. కొత్త కణాలు అక్కడే పుట్టి, ముదురుతూ పైకెక్కుతాయి. గోధుమ తగిలితే, ఒంటికి కాపలా కాసే కణాలే తిరగబడి పైవాటిని చంపేస్తున్నాయి. పైన చచ్చేకొద్దీ కింద గుంటలు లోతై, కణాలు రెట్టింపు పుడుతున్నాయి. అవీ ముదరకుండానే పైకొచ్చి రాలిపోతున్నాయి."

"అంటే నారు పోసినకొద్దీ పోస్తన్నాం, పొలంలో మొక్క మాత్రం నిలబడట్లేదు," అన్నాది అమ్మ.

"అదేనమ్మా. గోధుమ పూర్తిగా మానిపిస్తే నిలబడుతుంది."

ఇక సూడండి వైభోగం! దానికి ఏరే పెనం, ఏరే గరిటె, ఏరే డబ్బాలు. శనివారం రాత్రి మేం ఉప్మా మింగుతుంటే, అది పొగలు కక్కే అన్నంలో పప్పుచారు పోసుకుని తినీది. దాని కోసం అమ్మ ఎంకన్నకే దణ్ణమెట్టి మినహాయింపు అడిగినాది. నా ఏడుపుకి వీపు మీద దెబ్బ, దాని కడుపుకి దేవుడి సెలవు! నాకు ఒళ్ళు మండిపోనాది.

ఆ తర్వాతి శనివారం అమ్మ భజనకెళ్ళినాక, "అట్టేస్తాను, తింటావేటే?" అన్నాను. సంబరంతో దాని మొహం ఇంతైపోనాది. పిండిలో గుప్పెడు గోధుమపిండి కలిపీసినాను. దాని రోగం నిజమో నాటకమో తేలిపోవాలని. మర్నాడు కాస్సేపు పొట్ట పట్టుకున్నాది, అంతే. ఓస్, ఇంతేనా అనుకున్నాను. ప్రతి శనివారం అదే పని సేసినాను.

ఈ ఏడాది మళ్ళీ గొట్టం ఏసినారు. కాగితం సూసి డాక్టరు మొహం మాడ్చుకున్నాడు. "గుంటల్లో కణాలు అలాగే కంగారుగా పుడుతున్నాయి. పైన ఏమీ నిలబడలేదు. ఎక్కణ్ణించో గోధుమ వెళ్తోంది. ఇలాగే సాగితే పిల్ల దక్కడం కష్టం."

బయటికొస్తూనే అమ్మ సెల్లి మీదికి తిరిగినాది. "బయట పూరీలు తిన్నావేటే?"

"లేదమ్మా."

"మరి ఎలా వస్తాదే?" అని దాని వీపు మీద ఒక్కటిచ్చినాది. పుట్టి బుద్దెరిగాక దానికి పడిన మొదటి దెబ్బ అదే. ఆ దెబ్బ సూడాలని సిన్నప్పట్నుంచీ కాసుకుని ఉన్నాను నేను. తీరా పడితే, రెండోది పడకుండా అమ్మ సెయ్యి పట్టీసుకున్నాను. అది నా వైపు సూడనేలేదు.

బస్సులో అమ్మ ముందు సీట్లో కూసున్నాది. మేమిద్దరం ఎనక. నరసన్నపేట వస్తాదనగా ఇక ఉండలేకపోయినాను.

"ఒసే, అట్టులో గోధుమపిండి కలిపింది నేనే."

"తెలుసు," అన్నాది కిటికీలోంచి సూస్తూ. "తెల్లారేసరికి నా కడుపే సెప్పీసీది."

"తెలిసి దేనికి తిన్నావే, సచ్చినదానా!"

"నీ సేత్తో నాకు ఒండి పెట్టింది అదొక్కటే గదక్కా. వద్దంటే మళ్ళీ పెట్టవేమోనని."