రెండు దిక్కులా గంజి

మా నాయిన సాయిలు నారాయణపేటలో చీరల అంచులు గీస్తాడు. నేత మా అమ్మ జంగమ్మది, గీత ఆయనది. గళ్ళ కాగితం మీద పెన్సిల్‌తో ఆయన గుడి అంచు గీసిస్తే ఆ ఏడాదంతా చేనేత సంఘం మగ్గాల మీద అదే నడిచేది. అలాంటి మనిషికి సంఘం వాళ్ళు కాగితాలు ఇక వద్దన్నారు. వచ్చే నెల మొదటి సోమవారం కంప్యూటర్‌లో గీసిన అంచు పెన్‌డ్రైవ్‌లో తేవాలి, లేదంటే ఆ పని హైదరాబాద్‌లో ఎవరికో ఇచ్చేస్తారట. ఆ నెలంతా నాయిన ఫికర్ పడటంలోనే గడిపేశాడు.

బిగించి ఉన్న కంప్యూటరే కొందామన్నాను. వింటేనా!

"మగ్గం ఎవడన్న బిగించింది తెచ్చుకుంటడా, ప్రణీతా? ఎవని మగ్గం వాడే బిగించుకోవాలె. రేపు ఏదన్న ఊడితే ఎవని కాళ్ళు పట్టుకోవాలె?"

సరే అని సామాను విడివిడిగా తెచ్చి, గడువుకు ముందురోజు ఆదివారం పొద్దున మగ్గం పక్కన చాప పరిచాం. నేను నల్లగొండలో కంప్యూటర్ డిగ్రీ చదివానన్న మాటే గానీ, బిగించడం మాత్రం వీడియోల్లో చూసిందే. ప్రాసెసర్‌ను మూల గుర్తు చూసుకుని జాగాలో పెట్టి, మీట నొక్కాను. బుద్ధిగా కూర్చుంది. బూడిదరంగు పేస్టు ట్యూబు నాయిన చేతికిచ్చి, "దీని మీద శనగ్గింజంత పెట్టాలె, దాని మీద ఫ్యాన్ బిగించాలె. వేడిని అదే గుంజుతది" అని చెప్పాను. అంతలో గ్యాస్ బండి వచ్చిందని అమ్మ పిలిస్తే బయటికి పోయాను.

తిరిగొచ్చేసరికి నాయిన అప్పటికే ఫ్యాన్ పెట్టేసి, బొటనవేళ్ళతో దాని కాళ్ళు నొక్కుతున్నాడు. ఒక కాలు టక్కుమని దిగితే ఎదురు కాలు పైకి లేస్తోంది. ఇద్దరం చెమటలు కక్కుతూ నాలుగూ దించాం. స్విచ్ వేశాం. ఫ్యాన్ తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది.

వైర్లు పీకి పెట్టాను. మెమరీ ముక్కను ఆ సందులోంచి ఈ సందులోకి మార్చాను. తిండి చల్లారిపోతోందని అమ్మ అరుస్తోంది, ఫ్యాన్ హాయిగా తిరుగుతోంది, తెర నల్లగా నన్నే చూస్తోంది. "నీ డిగ్రీల గిది చెప్పలేదా?" అని నాయిన అన్నప్పుడు స్క్రూడ్రైవర్ వాకిట్లోకి విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. చివరికి ఇక చేసేదేం లేక ఫ్యాన్ ఊడదీశాను.

కింద ప్రాసెసర్ కనపడలేదు. ఉన్నదంతా పేస్టే. తుడిచి, మీట ఎత్తి బయటికి తీస్తే, బంగారు చుక్కలుండే అడుగు భాగం కూడా ఎక్కడా సందు లేకుండా బూడిదరంగుగా ఉంది.

"నాయినా! దీన్ని తీసి అడుగున గూడ పూసినవా?"

"పూయకుంటే ఎట్ల?" ఆయన నా మీదే ఆశ్చర్యపోయాడు. "పడుగుకు ఒక దిక్కే గంజి పెడ్తరా? రెండో దిక్కు పెట్టకుంటే పోగులు తెగుతయి."

వీధి పొడుగునా పడుగు దారాలు చాచి, కుంచెతో గంజి రాసి, తిప్పి మళ్ళీ రాయడం ఆయన పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. పేస్టును గిన్నెలోకి పిండి మరీ కుంచెతో రాశాడు. నాకు ఏడుపొచ్చింది. "తెల్వనిదాంట్ల ఎందుకు చెయ్యి పెడ్తవ్?" అనేశాను.

"తెల్వదనే గద సంఘమోళ్ళు గూడ అంటున్నరు" అని ఆయన మగ్గం వైపు తిరిగి కూర్చున్నాడు.

చుక్కల్ని నేను స్పిరిట్‌తో, దూదితో తుడిచాను. ప్రాసెసర్ కూర్చునే జాగాలో వెంట్రుకల్లాంటి సూదులుంటాయి, ఒక్కటి వంగినా బోర్డు పోయినట్టే. మెత్తటి బ్రష్ స్పిరిట్‌లో ముంచి నేను భయం భయంగా తుడుస్తుంటే, నాయిన ఊపిరి బిగబట్టి ఫోన్ లైటు పట్టుకున్నాడు. పొద్దుగూకే వేళకు మళ్ళీ అన్నీ పెట్టాం. గిన్నెలో మిగిలిన పేస్టును ఆయన పారేయకుండా దాచినందుకు మాత్రం దండం పెట్టాలి. ఈసారి శనగ్గింజంతే పెట్టాను. తెర వెలిగింది. అంచులు గీసే సాఫ్ట్‌వేర్ ఎక్కించాను.

సంతోషం ఎంతోసేపు నిలవలేదు. మౌస్ పట్టుకుని నాయిన గుడి గోపురం గీయబోతే గీత పక్క గడిలోకి దూకింది. చెరిపాడు. మళ్ళీ దూకింది. "నీ కాళ్ళిరగ!" అని మౌస్‌ను తిట్టాడు.

"తే నాయినా, నేను గీస్త. గంటల అయిపోతది."

ఆయన మౌస్ వదల్లేదు. "నువ్వు గీస్తే అది నీ అంచయితది, బిడ్డా. రేపటి సంది సంఘమోళ్ళు ప్రణీతను రమ్మంటరు. నన్నెవరు రమ్మంటరు?"

నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన అన్నం వద్దంటే అమ్మ కంచం మీద మూత పెట్టింది.

సోమవారానికి అంచు సగమే అయింది. ఆ సగాన్నే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని పోయాడు. తిరిగొచ్చేదాకా నేనూ అమ్మా గడప దాటలేదు.

"సగం జూసి నవ్విండ్రు" అన్నాడు చెప్పులు విడుస్తూ. "నవ్వి, వారం టైమిచ్చిండ్రు."

చొక్కా కూడా మార్చుకోకుండా కంప్యూటర్ దగ్గరికి వచ్చి, "జర జరుగు బిడ్డా" అన్నాడు. "రెండో దిక్కు మిగిలింది."