ఉత్తరం గోడ అడిగిన తొవ్వ

దయ్యాలూ భూతాలూ నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. మంత్రాలకు చింతకాయలు రాలవు. నిర్మల్ బొమ్మలు చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి, ఎండితే చెక్క పలుగుతుందని, తడిస్తే ఉబ్బుతుందని తెలుసు. అంతకుమించి చెక్కకు ఏ మాయలూ రావు. ఇది ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను పిచ్చోడనుకోవద్దు.

చమురు డబ్బుతో దోహా అంతా తవ్వకాలూ కట్టడాలుగా ఉన్న రోజులవి. మా ఊరివాళ్ళకు అదీ దుబాయే. ఆ ఊళ్ళోనే ఉమ్ ఘువైలినా అనే పేటలో మా క్యాంప్, నేను కార్పెంటర్ని. నా చేతిపని సంగతి తెలిసి, మా ఇంగ్లిష్ ఇంజనీర్ సార్ తన చిన్నప్పటి ఫోటోలు కొన్ని తెచ్చాడు. వాళ్ళ ఊరి చర్చి, కొన్ని వందల ఏళ్ళ నాటిది. ఆయన బాప్తిస్మం, తల్లిదండ్రుల పెళ్ళి, అన్నీ అందులోనే. ఈమధ్య ఉత్తరం గోడ పలిగి, ఎంత పూసినా నిలవక, చర్చినే కూల్చాలనుకుంటున్నారట. బొమ్మయినా మిగలాలని ఆయన కోరిక.

ప్యాకింగ్ పెట్టెల చెక్కతో మొదలుపెట్టాను. చదరపు గంటల గోపురం, కొసదేలిన కమాను కిటికీలు, దక్షిణం వాకిలి, ఏటవాలు కప్పు, అన్నీ అచ్చం దిగాయి. ఉత్తరం గోడ ఒక్కటే మొండికేసింది. ఫోటోలో అది సున్నం పూసిన ఉత్త గోడ. నేను అతికించి డ్యూటీకి పోయి వచ్చేసరికి నిలువునా పలిగి ఉండేది. చెక్క మార్చాను, బంక మార్చాను. పగులు మాత్రం అదే చోట. నాకు తిక్క రేగింది.

నా గదిలో ఉండే జగిత్యాల యాదగిరి నవ్వాడు. "అది పలుగుతలేదన్నా, తొవ్వ అడుగుతున్నది. ఇచ్చెయ్యరాదు?"

"బొమ్మ జేసేది నువ్వా, నేనా?" అని కసిరాను.

కసిరానే గానీ, శుక్రవారం సెలవునాడు పట్టపగలు ఉలి తీసుకుని దారి అడిగిన ఆ పగులు మీదే ఒక వాకిలి కోసేశాను. తీరా చూస్తే దాని కమాను గుండ్రంగా వచ్చింది. తక్కినవన్నీ కొసదేలినవే. సరిచేద్దామంటే చెయ్యి రాలేదు. ఆ గోడ మళ్ళీ పలగలేదు.

సార్ చూసి "ఇధర్ దర్వాజా నహీ" అన్నాడు, అక్కడ వాకిలి లేదని, మాతో మాట్లాడే హిందీలో. ఆ తర్వాత ఆ వాకిలి మీద వేలు పెట్టి చూశాడు. అసలు గోడ పలిగింది సరిగ్గా అక్కడేనట. బొమ్మను ఒళ్ళో పెట్టుకుని సెలవుకు వెళ్ళాడు.

అప్పట్లో మేం ఇళ్ళకు ఉత్తరాల బదులు క్యాసెట్లలో మాట్లాడి పంపేవాళ్ళం. అది ఎరిగిన సార్ కూడా నాకు క్యాసెట్టే పంపాడు. మెస్‌లో అందరి ముందూ పెట్టాను.

"దర్వాజా మిల్ గయా" అంటూ మొదలైంది. బొమ్మలో నేను కోసిన చోటే అసలు గోడ పూత గీకితే వాకిలి దొరికిందట. ఏనాడో రాళ్ళూ మట్టీ కుక్కి మూసేశారట. అది కుంగి గోడను చీల్చుతోందట. అదంతా తీసి గట్టిగా కట్టాక గోడ నిలిచింది, ఇక చర్చిని కూల్చరు. ఆ వాకిలి కమాను గుండ్రం. కొసదేలిన కమానులు రాకముందు అలాగే కట్టేవారట. తమ చర్చి తాము అనుకున్నదానికంటే పాతదని ఊరంతా పండగ చేసుకుందట.

ఆ తర్వాత క్యాసెట్లో గంటలు మోగాయి. మెస్‌లో అందరూ పళ్ళాలు వాయించారు. "నేను జెప్పలే?" అంటూ యాదగిరి బల్లెక్కాడు. నా జన్మలో అంత సంతోషం ఎరగను. చూడని ఊళ్ళో, ఎక్కని మెట్ల మీద, నా చేయి ఒక గుడిని నిలబెట్టింది.

దోహా ఎండకు చెక్క పలిగిందంటే ఒప్పుకుంటాను. ఒకే చోట పలగడం నా అతుకు లోపమే అనుకుందాం. కానీ ఆ గుండ్రం? ఉలి నాది, చెయ్యి నాది. అది గీసింది మాత్రం నేను కాదు. ఎవరో ఇప్పటికీ నాకు తెలియదు.