పులివెందుల బస్సు రానీండి

జమ్మలమడుగులో బొంతలు కుట్టి బతికే షాహీదాబీ పగలూ రాత్రీ తలుపుకు గడియ పెట్టేది కాదు. ఎందుకో వీధికంతా తెలుసు, ఎవరూ నోరెత్తేవారు కాదు. వెనక కలరా వచ్చిన ఏడు సవతి కూతురు సాజిదా, మేనత్త ఇంటి నుంచి వాంతులతో వచ్చి తలుపు తట్టింది. లోపల షాహీదాబీ ఒళ్లో చంటిబిడ్డ. ఆమె తలుపు తియ్యలేదు. తొమ్మిదేళ్ల పిల్ల అరుగు మీదే పోయింది. ఏడాది తిరక్కుండా చంటివాడూ పోయాడు. అప్పటి నుంచి ఎవరింట్లో జబ్బని తెలిసినా ఆమె గంజి కాచుకుని పోయి, వాంతులు ఎత్తిపోసి, పక్కనే కూర్చునేది.

మిషన్ బడి టీచరు విమల మధ్యాహ్నాలు ఆ అరుగు మీద ఆడవాళ్లకు ఒక నవల చదివి వినిపించేది. అందులోనూ ఒక తల్లి జబ్బుపడ్డ పిల్లకు తలుపు తియ్యదు. ఆమెకు శిక్షా లేదు, క్షమాపణా లేదు. బతుకుతుంది, అంతే. ఆ చోటికి రాగానే షాహీదాబీ చేతిలో సూది ఆగిపోయేది.

"ఇంగోసారి సదువు టీచరమ్మా. రాసినాయప్పకు తెల్సు."

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండో ఏడు ఆ నవల సినిమా అయి ప్రొద్దుటూరుకు వచ్చింది. అందరూ బస్సెక్కి మ్యాట్నీకి పోయారు. తెర మీద గడియ పెట్టింది పాపిష్టి పనిమనిషి. తల్లి గుండెలు బాదుకుంటూ వచ్చి తలుపు తీసింది, పిల్ల బతికింది. హాలంతా ఏడ్చింది.

బయట ఎండలో షాహీదాబీ మొహం వెలిగిపోతోంది. "సూస్తివా, తలుపు తీసింది!"

"పుస్తకంలో తియ్యలేదు కదా బీబమ్మా," అంది విమల.

"తీసింది. నేను సూసినా కదా."

ఆ వారం నుంచే ఆమె గడియ పెట్టసాగింది. అన్నం రెండు గిన్నెల్లో వడ్డించేది. విమల పుస్తకం పట్టుకుపోయి ఆ పేజీ చదవబోతే, షాహీదాబీ ఖాళీ చాప వైపు తిరిగి, చెవులు మూసినట్టు రెండు అరచేతులూ గాలిలో నిలిపింది. వాటి మధ్య ఎడం సరిగ్గా ఒక చిన్న తలంత ఉంది.

"పిల్ల ఇంటాది, ఊరుకో."

విమల పుస్తకం మూసేసింది.

ఆ ఎండాకాలం పక్కింటి వెంకటమ్మ కొడుక్కి వాంతులు పట్టుకున్నాయి. వెంకటమ్మ పరుగున వచ్చి తలుపు బాదింది. "బీబమ్మా, బిర్రన రా! పిల్లోడు కండ్లు తేలేస్తాండాడు!"

లోపలి గొంతు నింపాదిగా పలికింది. "రానుమే. మా సాజిదాకు అంటుకుంటాది."

పిల్లవాణ్ణి ఆసుపత్రిలో బతికించుకున్నారు. వెంకటమ్మ ఒక్క తిట్టూ తిట్టలేదు. "ఆడబిడ్డను పెట్టుకోనుండాది, బయపడదా?" అంది. ఆనాడు అరుగు మీద సాజిదాకు గుడ్డ కప్పింది ఈ వెంకటమ్మే.

తర్వాత్తర్వాత వీధి కూడా అదే చెప్పుకోసాగింది. సాజిదా పెద్దమనిషైందట. పులివెందులకు ఇచ్చారట, అల్లుడిది సైకిల్ షాపట. చెప్పేవాళ్ల మొహాల్లో ఎగతాళి ఉండేది కాదు.

షాహీదాబీ ఒక శుక్రవారం పొద్దున పోయింది. మగవాళ్లు జనాజాను భుజాలకెత్తుకోబోతుంటే వీధి పెద్ద ఖలందర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"నిలపండప్పా. కూతురు వస్తాండాది. పులివెందుల బస్సు రానీండి."

వాళ్లు దించారు. కాసేపటికి రోడ్డు మీద హారన్ మోగింది. గుమ్మం ముందున్న ఆడవాళ్లు ఒక మనిషి పట్టేంత దారి వదిలి పక్కకు జరిగారు. వాళ్లతో పాటు విమలా జరిగింది.