ఊరంతా మేనమామలే

పెళ్లి చెల్లెలిది, తలనొప్పి నాది. కార్డులెందుకు, వెబ్‌సైటు చేస్తానని గొప్పలకు పోయింది నేనే కదా! ఒక్కో చుట్టానికి ఒక్కో లింకు. తెరిస్తే వరస పెట్టి పిలుస్తుంది. మొదటి పిలుపు మేనమామకే కాబట్టి అచ్చంపేటలో ఉండే మామకు ముందు పంపాను.

ఆయన ఫోనులో తెల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. నా సర్వరు పంపేది ఖాళీ పేజీ, దాని వెంట దాన్ని నింపే జావాస్క్రిప్టు కోడు. అక్షరాలు నింపుకోవాల్సింది ఫోనే. ఆ పాత ఫోనుకు అంత శక్తి లేదు.

"పసుపు లేదు, అక్షరం లేదు. తెల్లకాగితం పంపి పెండ్లికి పిలుస్తరా అక్కా? నేను రాను" అని అమ్మతో అని ఫోన్ పెట్టేశాడు.

అమ్మ ఏడ్చింది. పెళ్లికూతురిని గంపలో మండపానికి మోసుకొచ్చేది మేనమామే. మాకున్నది ఒక్కడే. "మామ రాకుంటే నేను గంపల కూసోను" అని చెల్లెలు మొండికేసింది.

పేజీని సర్వరులోనే పూర్తిగా రాసి పంపేలా మార్చాను. ఇక ఎంత పాత ఫోనైనా సరే, వచ్చింది వచ్చినట్టు చూపిస్తే చాలు. అక్కడితో ఊరుకోవచ్చుగా! ప్రతిసారీ రాయడం దండగని, ఒకసారి తయారైన పేజీని దాచి మళ్లీ అదే ఇమ్మన్నాను. ఈసారీ మొదటి పిలుపు మామకే. "మేనమామా, గంప మొయ్యనీకి నువ్వే రావాలె" అన్న పేజీ చూసి, "ఆలోచిస్త" అన్నాడు. అంత తేలిగ్గా అలక దిగుతారా?

ఎవరి పేజీ వాళ్లకే వేరుగా దాచమనడం మరిచాను; ఆ తర్వాత ఎవరు తెరిచినా మామ పేజీయే. మహబూబ్‌నగర్‌లో మాకు గాజులు వేసే, మేం పిన్నిలా చూసుకునే ఖాలా ఫోన్ చేసి, "నన్ను మేనమామను జేసినవా బిడ్డా! గీ నడుముతోని గంప మోస్తనా?" అని పగలబడి నవ్వింది. పూజారి తన మోకాళ్ల సంగతి చెప్పి క్షమించమన్నాడు. టెంటు వేసే ఆయన నిజంగానే తయారయ్యాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

సంగతి మామ దాకా పోయింది. పెళ్లినాడు అందరికంటే ముందే ఆటో దిగాడు. ఎవరినీ పలకరించకుండా నేరుగా పోయి గంప మీద చెయ్యేసి నిలబడి నా వైపు తిరిగాడు.

"ఏం కోడలా, ఊరంతా మేనమామలేనా? దీనిమీద ఎవడు చెయ్యేస్తడో చూస్త!"

ఎవరూ వేయలేదు. చెల్లెలు ఎక్కి కూర్చుంది. మామ పళ్లు బిగించి ఎత్తాడు. గంప కదల్లేదు. ఇంకోసారి ఎత్తాడు. ముఖం కందగడ్డయింది.

"అరే, గట్ల జూస్తరేంది? మిగిలిన మేనమామలు రాండ్రి!"

అందరికంటే ముందు గాజుల ఖాలా చెయ్యేసింది.